పువ్వు మాట ఎవరూ అడగలేదు

కోనసీమలోని అల్లవరం మండలంలో ఏ ఊరి కొబ్బరి తోటలోకి వెళ్లి తల పైకెత్తినా, అది ఏ నెలైనా, ఏదో ఒక చెట్టు పూతలో ఉంటుంది. మామిడికి మాఘం, వేపకు చైత్రం అన్నట్టు కొబ్బరికి ఒక కాలమంటూ లేదు. కాపు మీదున్న చెట్టు ఇంచుమించు నెలకో పొత్తు విప్పుతుంది. తేనెటీగకు ఏడాది పొడవునా పొయ్యి ఆరని వంటిల్లు లాంటి చోటు ఇది. అందుకే మా తోటల్లో తేనెటీగలు తగ్గిపోయాయంటే కరువొచ్చిందనో, కాలం కలిసిరాలేదనో చెప్పి తప్పుకోవడానికి మాకు వీల్లేదు. తిండి పెట్టే చెట్టు ఇక్కడే ఉంది. ఆ చెట్టు దాకా అవి రాలేని పరిస్థితి తెచ్చింది మేమే.

మేము అని మాటవరసకు అనడం లేదు. కొబ్బరి రైతులం, చేను కౌలుకిచ్చి హైదరాబాదులో ఉంటున్నవాళ్లం, చెరువులు తవ్వినవాళ్లం, తవ్వుతుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్లం, పురుగుమందుల కొట్టు నడిపినవాళ్లం, ఆ కొట్లో అప్పు పెట్టినవాళ్లం, బడిలో పరాగసంపర్కం పాఠం చెప్పినవాళ్లం, దాన్ని నాలుగు మార్కుల కోసం బట్టీ పట్టినవాళ్లం. ఈ వరసలో నేను ఒక్కచోట కాదు, మూడు నాలుగు చోట్ల ఉన్నాను.

ఒకప్పుడు మా ఊళ్లో ఎన్ని తేనెపట్లుండేవని అడిగితే మా దగ్గర లెక్క లేదు. దింపు లెక్క ఉంది. ఏ దింపుకు ఎన్ని వందల కాయ దిగింది, ఒలుపు కూలి ఎంతయింది, అంబాజీపేటలో వెయ్యి కాయ ఎంత పలికింది, ఇవన్నీ తాతల నాటి నోటు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ కాయ కట్టడానికి వచ్చిపోయిన ఈగ గురించి ఒక్క ముక్క లేదు. లెక్క పెట్టనిది తగ్గినప్పుడు తగ్గిందని కూడా తెలియదు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా, జ్ఞాపకం ఉన్నదాన్ని పెంచి చెబుతోందేమోనన్న అనుమానం నాకు లేకపోలేదు. కానీ యాభై దాటిన వాళ్లని ఎవర్ని కదిపినా, పెరట్లో తేనెపట్టు చూడని బాల్యం ఉందని ఎవరూ అనరు. వాళ్ల మనవల్ని అడిగితే, తేనెపట్టు అంటే ఫోనులో బొమ్మ చూపిస్తారు.

మా వైపు తేనెటీగ ఒక్క రకం కాదు. మర్రి కొమ్మల కిందా, గుడి గోపురాలకూ, నీళ్ల ట్యాంకులకూ చేటంత పట్టు పెట్టే పెద్ద ఈగలు ఒక జాతి. కంచె పుల్లకు అరచేతంత పట్టు పెట్టే చిన్నవి ఇంకో జాతి. చెట్టు తొర్రలోనూ మట్టిగోడ కన్నంలోనూ చీకట్లో వరసగా పట్లు పెట్టుకునేది మూడోది. చెక్కపెట్టెలో పెంచితే ఒప్పుకునే దేశవాళీ తేనెటీగ అదే. ఇవి కాక, కుట్టడం చేతగాని నల్లటి బుల్లి ఈగలు గోడ పగులులో మైనంతో గొట్టంలాంటి గుమ్మం కట్టుకుని బతికేవి. నాలుగింటికీ నాలుగు రకాల నీడ కావాలి. ఆ నాలుగు నీడల్నీ ఒక్కొక్కటిగా తీసేశాం. ఒక్కోసారి తెలియక, ఎక్కువసార్లు పట్టించుకోక.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మమ్మల్ని పడగొట్టింది. కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. మట్టిగోడల ఇళ్లు కూలి మనుషులు పోయారు. ఆ రాత్రి చూసినవాడెవడూ ఆ తర్వాత స్లాబు వేసుకోవడాన్ని తప్పనడు, నేనూ అనను. ప్రాణం ముందు. అయితే మట్టిగోడతో పాటు గోడ కన్నం పోయిందనీ, కూలిన చింత, నేరేడు, కానుగ చెట్లతో పాటు తొర్రలు పోయాయనీ అనుకున్నవాళ్లం కాదు. పడిన కొబ్బరి చోట కొబ్బరి మొక్క పెట్టాం. పడిన కానుగ చోట ఏమీ పెట్టలేదు. నీడ పడితే కొబ్బరికి మంచిది కాదన్నాం. నిజానికి కానుగ కాయ అమ్ముకుంటే డబ్బు రాదు, అదీ అసలు సంగతి. కానుగ పూసినప్పుడు చెట్టంతా జుమ్మని మోగేదని అందరికీ తెలుసు. ఆ మోతకు ధర కట్టలేదు.

ఆ తుఫాను వెళ్లిన నెల రోజులకే, డిసెంబరు 11న, రొయ్యల చెరువుల మీద ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. సాగుభూముల్ని, మడ అడవుల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదంది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. దాని కింద రాసిన మార్గదర్శకాలు కూడా సాగుభూమి జోలికి పోవద్దనే చెప్పాయి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. 2011 సార్వాకు మేము పంట విరామం ప్రకటించాం. కోనసీమ రైతులు వరి వేయడం మానేశారని దేశమంతా మా వైపు చూసింది. గిట్టుబాటు లేదన్నాం, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్నాం, కూలీలు దొరకడం లేదన్నాం. ప్రతి మాటా నిజం. మా కష్టం అబద్ధం కాదు. కానీ ఆ కష్టాన్ని అడ్డం పెట్టుకుని తర్వాత మేము చేసినవన్నీ కష్టం వల్లే చేశామని చెబితే మాత్రం అది అబద్ధమవుతుంది.

పక్క చేనులో రొయ్యల చెరువు తవ్వడానికి పొక్లెయిన్ దిగిన రోజు మేమంతా గట్టు మీదే ఉన్నాం. సరిహద్దు రాయి కదలకుండా చూసుకున్నాం. చట్టం ఏమంటుందో తెలిసినవాళ్లు ఉన్నారు, మాట్లాడలేదు. చుట్టరికాలు, రేపు మన అవసరం, ఊళ్లో మాట పడటం ఎందుకన్న జంకు. నోరు తెరిచి అడిగింది ఒక్కటే.

"ఏం బాబాయ్, ఎకరం ఎంతకిచ్చారు?"

బాబాయ్ అంకె చెప్పాడు. ఉప్పునీరు మా తోట వైపు ఊరుతుందేమోనని కూడా అడగలేదు. మరో రెండేళ్లకు మా అన్నదమ్ముల చేనూ అలాగే వెళ్లింది.

వరి పోతే తేనెటీగకు ఏం నష్టమని అడగవచ్చు. వరికి తేనెటీగ అవసరం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వరి చేను అంటే వరి ఒక్కటే కాదు. గట్టు మీద కంది ఉండేది. దాళ్వా వేయని చోట మినుము, పెసర, కోతల తర్వాత పశువులకు చల్లిన పిల్లిపెసర, జనుము ఉండేవి. గట్టు వారన అడగకుండా మొలిచే తుమ్మి, గడ్డిచామంతి ఉండేవి. కొబ్బరి పుప్పొడి ఒక్కటే తిని ఈగ ఆరోగ్యంగా ఉండలేదు, మనిషికి ఒక్క అన్నమే సరిపోనట్టు. ఆ రకరకాల పువ్వులు ఉన్నది చేలగట్ల మీదే. ఇవాళ చెరువు గట్టు చూస్తే పచ్చ కనపడదు. గడ్డి మందు కొట్టి ఎర్రగా మాడ్చి ఉంచుతాం. గట్టు శుభ్రంగా ఉంది అంటాం. కొబ్బరి తోటలో కూడా అదే శుభ్రం నేర్చుకున్నాం. గొప్పు తవ్వించడానికి మనిషి దొరకడు, దొరికినా కూలి తాళలేం, గడ్డి మందు ఒక్క పూటలో పని ముగిస్తుంది. ఆ సౌకర్యాన్ని వద్దనగల రైతు ఎవరో చెప్పమంటే నేను చెప్పలేను. నేనూ వద్దనలేదు.

మందుల సంగతి చెప్పకుండా ఈ పాపం పూర్తికాదు. 1990ల చివర కొబ్బరికి ఎరియోఫిడ్ నల్లి వచ్చింది. పిందె మీద గోధుమ రంగు మచ్చలు, కాయ చిక్కిపోవడం, రేటు పడిపోవడం. అప్పట్లో ఎక్కువగా వినిపించిన సలహా, వేరు ద్వారా మోనోక్రోటోఫాస్ ఎక్కించడం. లేత వేరు ఏటవాలుగా కోసి, మందూ నీళ్లూ సమానంగా కలిపిన పాలిథిన్ సంచి దానికి కట్టేవాళ్లం. రాత్రికి రాత్రి చెట్టు తాగేసేది. నలభై అయిదు రోజుల దాకా కాయ దింపొద్దన్నారు. అది బుద్ధిగా పాటించాం, ఆ బొండం తాగేది మన పిల్లలే కనక. పైన మొవ్వులో అదే వారం విచ్చుకున్న పువ్వు మాట మాత్రం ఎవరూ అడగలేదు. మొదలు నుంచి మొవ్వు దాకా పాకే మందు పువ్వు దగ్గర ఆగుతుందని ఎలా అనుకున్నాం? అనుకోలేదు. అసలు ఆలోచనే రాలేదు. ఎప్పుడూ ఏదో ఒక పొత్తు విప్పి ఉండే చెట్టుకు ఈగలు రాని రోజంటూ ఉండదు కాబట్టి, మందు కట్టడానికి అనువైన రోజు కూడా లేదు. ఇంత తేలిక లెక్క. చెప్పినవాళ్లు చెప్పలేదని ఇన్నాళ్లూ అంటున్నాం. అడగాల్సినవాళ్లం అడిగామా?

తర్వాత ఇమిడాక్లోప్రిడ్ వచ్చింది. మొక్క ఒళ్లంతా పాకే రకమే. ఐరోపా సమాఖ్య 2018లో ఆ మందునీ దాని తోడు మందులు రెంటినీ బయటి పొలాల్లో వాడకుండా ఆపేసింది. కారణంగా చూపింది తేనెటీగలనే. ఆ వార్త మా పేపర్లోనూ వచ్చింది. మా కొట్లో అప్పటికీ ఇప్పటికీ అదే మాట వినిపిస్తుంది. "ఆయ్, ఇది కొట్టండి, మూడ్రోజుల్లో పురుగన్నది కనపడదండి." తేనెటీగ కూడా పురుగే కదా అని ఆ మాట అన్నవాడూ తలచలేదు, విన్నవాళ్లమూ తలచలేదు.

పాదులకు కొట్టే వేళ చూడండి. దోస, గుమ్మడి, కాకర పువ్వు తెల్లవారి విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఈగ వచ్చేదీ ఆ వేళకే. మేము మందు కొట్టేదీ ఆ వేళకే, ఎండ ఎక్కక ముందే పని అయిపోవాలని. సాయంత్రం కొట్టించాలంటే కూలీ మళ్లీ రావాలి. ఆ ఒక్క పూట ఇబ్బంది పడలేక ఏళ్ల తరబడి పువ్వు మీదే విషం చల్లాం. ఆపైన పిందె పసుపెక్కి రాలితే తెగులనుకున్నాం. మగపువ్వు పుప్పొడి అందని ఆడపువ్వు అలాగే వాడి రాలిపోతుందన్నది ఏడో తరగతి పాఠం. రాలిన పిందె చూసి ఇంకో మందు తెచ్చాం. దానికీ పొద్దున్నే ముహూర్తం.

కొబ్బరి విషయంలో ఒక మాట నిజాయితీగా చెప్పాలి. తేనెటీగ లేకపోతే కొబ్బరి కాయదని నేననను. గాలి కూడా పుప్పొడి మోస్తుంది, చీమలూ ఇతర ఈగలూ తిరుగుతాయి. కానీ మా పొడుగు రకం చెట్టులో, ఒక పొత్తులో వేల మగపువ్వులు ముందు విచ్చుకుని రాలిపోతాయి, ఆ తర్వాతగానీ ఇరవై ముప్పై ఆడపువ్వులు పక్వానికి రావు. అంటే ఆ పిందె నిలవాలంటే ఎక్కువగా ఇంకో చెట్టు పుప్పొడి ఇక్కడికి చేరాలి. ఆ చేరవేతలో తేనెటీగ వాటా పెద్దది. లోకమంతటి లెక్క చూస్తే, ముఖ్యమైన ఆహార పంటల్లో నాలుగింట మూడొంతులు ఎంతో కొంత ఇలాంటి జీవాల మీద ఆధారపడ్డవే. దిగుబడి బరువులో ఆ పంటల వాటా మూడో వంతు పైచిలుకు. పిందెరాలు ఎక్కువైందని మా రైతులు ఉప్పును, ఎరువును, వానను, నల్లిని అన్నిటినీ తిడతారు. అవన్నీ కారణాలే. ఈగ రాలేదన్న మాట ఆ వరసలో చేరదు, ఎందుకంటే ఆ మాట చేర్చితే వేలు మా వైపు తిరుగుతుంది.

అసలు తప్పు ఎక్కడ మొదలైందని నేను చాలా సార్లు ఆలోచించాను. మేము తేనెటీగలో తేనెనే చూశాం. పట్టు తీయాలంటే ఎండు కొబ్బరాకు కట్ట కాగడా చేసి, రాత్రిపూట మొత్తం పట్టునే కాల్చేవాళ్లం. పిల్లలున్న భాగం వదిలి, తేనె ఉన్న తల ఒక్కటే కోసుకునే ఓపిక ఉన్నవాళ్లు ఊళ్లో ఒకరో ఇద్దరో ఉండేవారు. వాళ్ల పని వాళ్లతోనే పోయింది, ఎవరమూ నేర్చుకోలేదు. తరవాత కొట్లో సీసా తేనె దొరికింది. పెరట్లో పట్టు అవసరం తీరిపోయింది. తేనె సీసాలోకి వచ్చాక తేనెటీగలో మాకు మిగిలింది ముల్లు ఒక్కటే. ముల్లును ఎవరు ఇంట్లో ఉంచుకుంటారు? 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు పేరున్న సీసాల్లో కూడా చక్కెర పాకం కలుస్తోందని బయటపెట్టినప్పుడు మేము ఆవేశపడ్డాం, మోసపోయామని. తేనెటీగ పోయినప్పుడు ఆ ఆవేశం రాలేదు.

ఇంతలో మా పిల్లలు పట్నాలకు చేరారు. అక్కడా అదే తీరు. అమలాపురంలోనో, హైదరాబాదులోనో అపార్ట్‌మెంటు బాల్కనీ కింద పట్టు కనపడితే సంఘం గ్రూపులో ఫోటో పడుతుంది, గంటలో పెస్ట్ కంట్రోల్ వాళ్లకు ఫోను వెళుతుంది. పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, నిజమే, భయం అబద్ధం కాదు. కుడితే ప్రాణం మీదకు వచ్చేవాళ్లూ ఉంటారు. కానీ పట్టును చంపకుండా తరలించే మనిషి దొరుకుతాడా అని ఆ గ్రూపులో ఎవరైనా అడిగారా? మా వాళ్లు ఉద్యోగాలు చేస్తున్న న్యూయార్క్‌లో 2010లో తేనెటీగల పెంపకం మీద ఉన్న నిషేధం ఎత్తేశారు. ప్యారిస్‌లో ఒపేరా భవనం కప్పు మీద 1980ల నుంచే పెట్టెలున్నాయి. ఏడాది పొడవునా పూసే చెట్ల కింద పుట్టిన మేము మా మేడ మీద ఒక పెట్టె పెట్టుకోలేదు. పెట్టుకోవడమే పరిష్కారమని కూడా అనను. పువ్వు లేని ఊళ్లో పెట్టెలు పెంచితే ఉన్న కొద్ది తిండికి పోటీ పెరుగుతుంది. బయటి జాతి ఈగలు జబ్బుల్ని మోసుకురావచ్చు. 1991, 92ల్లో శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిన దేశవాళీ తేనెటీగల పెట్టెల్ని ఊడ్చిపెట్టింది. పురుగు దశలోనే పిల్లలు సంచిలా ఉబ్బి చచ్చిపోయేవి. అంత పెద్ద చావు జరిగిందని మాలో చాలామందికి ముప్పై ఏళ్ల తర్వాత చదివితేగానీ తెలియలేదు.

చిన్న సౌకర్యాల మాట చెబుతూ టీ కప్పును వదల్లేను. తమిళనాడులో అయిదు కాఫీ కొట్ల దగ్గర ముప్పై రోజులు లెక్కపెట్టి 2011లో ఒక పరిశోధన అచ్చయింది. పారేసిన కాగితం కప్పుల్లో అడుగున మిగిలిన చక్కెర కోసం వచ్చి మునిగి చచ్చిన తేనెటీగలు పాతిక వేలు దాటాయి. గాజు గ్లాసు కడిగి పెట్టే రోజుల్లో ఈ చావు లేదు. మా అమలాపురం బస్టాండు దగ్గర టీ కొట్టు పక్కన డబ్బా నిండా కప్పులు, వాటి మీద ఈగల ముసురు రోజూ చూస్తాం. చూసి, మా కప్పు కూడా అందులోనే వేసి బస్సు ఎక్కుతాం.

దారి చూపేవాళ్లు లేరని అనడానికి కూడా లేదు. 2016 చివర కడియం నర్సరీల వైపు కనపడిన సర్పిలాకార తెల్లదోమ ఆపైన మా కొబ్బరికీ వచ్చింది. మట్టలన్నీ మసిబారాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు రసాయనాలు కొట్టొద్దన్నారు, కొడితే ఆ దోమను తినే మిత్రపురుగులు చస్తాయన్నారు. ఐసేరియా అనే శిలీంద్రాన్ని పెంచి ఇస్తామన్నారు. అల్లవరం నుంచి అంబాజీపేటకు గంట ప్రయాణం లేదు. కొందరు వెళ్లారు. మిగతావాళ్లం ఆ శిలీంద్రం పనిచేయడానికి పట్టే వారాలు ఆగలేక మళ్లీ మందుల కొట్టుకే వెళ్లాం. మట్ట మీది మసి మాకు కనపడుతుంది, తొందర పుట్టిస్తుంది. రాని ఈగ కనపడదు, తొందర పుట్టించదు.

మొన్న మా చేను లీజు తిరగరాసే వేళ వచ్చింది. అన్నదమ్ములం ఫోనులో మాట్లాడుకున్నాం. చెరువు తీసేసి మళ్లీ వరి వేద్దామని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు, ఆ డబ్బు మీద నడుస్తున్న చదువులున్నాయి. కనీసం గట్ల మీద గడ్డి మందు కొట్టకూడదని, రెండు గట్ల మీద కంది గానీ జనుము గానీ ఉండనివ్వాలని ఒక షరతు రాయిద్దామన్నాను. మంచిదే రాయించు అన్నారు అందరూ. కౌలుదారు కూడా పెద్దగా అడ్డు చెప్పేవాడు కాదు. అంకె కుదిరింది, ఏటా ఎంత పెంచాలో కుదిరింది, కరెంటు బిల్లు ఎవరిదో కుదిరింది. కాగితం చదివి వినిపించారు. గట్ల మాట అందులో లేదు. ఎవరూ గుర్తుచేయలేదు, నాకు గుర్తుంది, అంతా అయిపోయాక మళ్లీ మొదలుపెట్టడం ఎందుకని సంతకం పెట్టాను.